నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ, బోస్టన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ యూనివర్సిటీ గురించి మనవాళ్ల ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒక మాట దగ్గరికే వస్తాయి: కో-ఆప్, అంటే చదువు మధ్యలో కొన్ని నెలలు కంపెనీలో చేసే పూర్తి సమయం ఉద్యోగం. ఫీజు ఎప్పుడు కట్టాలి, డిగ్రీ ఎన్నాళ్లు పడుతుంది, చదువయ్యాక పనిచేసే హక్కు మిగులుతుందా లేదా అన్నవన్నీ ఆ ఒక్కదాన్ని ఎలా అమర్చుకున్నారన్న దాని మీదే ఆధారపడతాయి. అందుకే కింది జవాబుల్లో దానికే ఎక్కువ చోటిచ్చాం. వీసా, పన్ను నియమాలు తరచూ మారుతుంటాయి. సంతకం పెట్టే ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం, అంటే ఆఫీస్ ఆఫ్ గ్లోబల్ సర్వీసెస్, ఆ రోజుకి ఏం చెబుతోందో చూసుకోండి.

ఇది ప్రభుత్వ యూనివర్సిటీనా, ప్రైవేటా?

ప్రైవేటు. అయితే లాభాపేక్ష లేని సంస్థ. మన దగ్గర ప్రైవేటు కాలేజీ అనగానే మేనేజ్‌మెంట్ కోటా గుర్తొస్తుంది, ఇక్కడ అలాంటిదేమీ లేదు. ప్రైవేటు కావడం వల్ల మీకు పడే అసలు తేడా ఫీజులో ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ రాష్ట్రం పిల్లలకు ఒక ఫీజు, బయటివాళ్లకు మరో ఫీజు. నార్త్‌ఈస్టర్న్‌లో బోస్టన్‌లో పుట్టినవాళ్లకీ మంచిర్యాల నుంచి వచ్చినవాళ్లకీ క్రెడిట్ ధర ఒక్కటే. పరిశోధన లెక్కన చూస్తే, కార్నెగీ వర్గీకరణలో అత్యధిక పరిశోధన జరిగే ‘ఆర్-1’ యూనివర్సిటీల్లో ఇదొకటి.

నార్త్‌వెస్టర్న్, నార్త్‌ఈస్టర్న్ ఒకటేనా?

కాదు. నార్త్‌వెస్టర్న్ షికాగో పక్కన ఎవాన్‌స్టన్‌లో ఉంది. నార్త్‌ఈస్టర్న్ ఇల్లినాయ్ అని ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కూడా షికాగోలోనే ఉంది. చైనాలోని షెన్యాంగ్‌లో ఇదే పేరుతో ఇంకొకటుంది. టెస్టు స్కోర్లు పంపేటప్పుడు జాబితాలో పేరు చూసి టక్కున నొక్కేయకండి. పక్కన ఊరూ రాష్ట్రమూ బోస్టన్, మసాచుసెట్స్ అని ఉందో లేదో చూడండి. తప్పు చోటికి వెళ్లిన స్కోరు వెనక్కి రాదు, మళ్లీ డబ్బు కట్టి పంపాల్సిందే.

ఎలా మొదలైంది?

1898లో, బోస్టన్ వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం)లో సాయంత్రం తరగతులుగా. పగలు పనిచేసుకునే కుర్రాళ్లకు రాత్రిపూట చదువు చెప్పడం ఉద్దేశం. 1903లో ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పాఠశాల పెట్టారు. 1909లో ఇంజనీరింగ్‌లో కో-ఆప్ ప్రారంభించారు, మొదటి జట్టులో ఉన్నది ఎనిమిది మంది. ఈ పద్ధతిని కనిపెట్టింది మాత్రం వీళ్లు కాదు. 1906లోనే సిన్సినాటి యూనివర్సిటీ మొదలుపెట్టింది. నార్త్‌ఈస్టర్న్ చేసిందల్లా దాన్ని పట్టుకుని వదలకపోవడం. 1916లో కాలేజీగా, 1922లో యూనివర్సిటీగా పేరు మారింది. ఇప్పటి అధ్యక్షుడు జోసెఫ్ ఔన్ భాషాశాస్త్రవేత్త, 2006 నుంచి ఆ పదవిలో ఉన్నారు.

కో-ఆప్‌కీ ఇంటర్న్‌షిప్‌కీ తేడా ఏమిటి?

ఇంటర్న్‌షిప్ సాధారణంగా వేసవిలో పది పన్నెండు వారాలు. చేరి, కంపెనీ వాళ్ల కోడ్ అర్థం చేసుకునేసరికే సగం అయిపోతుంది. కో-ఆప్ ఆరు నెలలు, ఎమ్మెస్‌లో నాలుగు నుంచి ఎనిమిది నెలలు. ఆ కాలంలో పూర్తి సమయం ఉద్యోగమే, తరగతులుండవు. ట్యూషన్ ఫీజు కూడా ఉండదు. అద్దె, తిండి, ఆరోగ్య బీమా మాత్రం మామూలే. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కో-ఆప్‌లకు దాదాపు ఎప్పుడూ జీతం ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల్లో, కొన్ని ప్రజారోగ్య, కళా రంగాల్లో జీతం లేనివీ ఉంటాయి. పోస్టింగ్‌లో ఆ సంగతి రాసి ఉంటుంది, దరఖాస్తుకు ముందే చదవండి.

కో-ఆప్ యూనివర్సిటీయే ఇప్పిస్తుంది కదా?

ఇప్పించదు. కౌన్సెలింగ్ సెంటర్లలో సగం మందికి అర్థమయ్యేది ఇప్పిస్తుందనే, సగం నిరాశకు కారణమూ ఆ అపోహే. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో కంపెనీ కాలేజీకి వస్తుంది, అందరినీ ఒక హాల్లో కూర్చోబెడతారు, సాయంత్రానికి జాబితా అంటిస్తారు. ఇక్కడ అలా కాదు. యూనివర్సిటీ ఇచ్చేవి మూడు: ఒక తయారీ కోర్సు (మామూలుగా ఒక క్రెడిట్), మీ రంగానికి కేటాయించిన కో-ఆప్ సలహాదారు, ‘ఎన్‌యూవర్క్స్’ అనే ఉద్యోగాల పోర్టల్. దరఖాస్తు, ఇంటర్వ్యూ, ఎంపిక అంతా మీకూ కంపెనీకీ మధ్యే.

పోర్టల్‌లో ఉన్న ఉద్యోగాలకు ఒక మేలుంది. ఆ కంపెనీలకు ఆరు నెలల విద్యార్థి అంటే ఏమిటో తెలుసు, ఎఫ్-1 (విద్యార్థి) వీసా అనగానే బెదిరిపోరు. కానీ పోటీ కూడా అక్కడే, ఒక్కో పోస్టు మీద మీ సహాధ్యాయులే వందల్లో పడతారు. పోర్టల్ బయట మీరే వెతుక్కున్న ఉద్యోగాన్ని కూడా సలహాదారు ఆమోదిస్తే కో-ఆప్‌గా లెక్కిస్తారు. మంచి అవకాశాలు ఆ దారిలో వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి పోర్టల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

తప్పులు సాధారణంగా ఎక్కడ జరుగుతాయంటే:

ఆలస్యం. జనవరిలో మొదలయ్యే కో-ఆప్‌కి పోస్టింగులు సెప్టెంబర్ ప్రాంతం నుంచే వస్తాయి. మిడ్‌టర్మ్‌లు అయ్యాక చూద్దామనుకుంటే మొదటి వరస వెళ్లిపోతుంది.

రెజ్యూమె. మన పద్ధతిలో రెండు మూడు పేజీలు, ఫోటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ పనికిరావు. ఒక పేజీ. ఏ పనిచేశారో, దానివల్ల ఏం మారిందో అంకెలతో రాయాలి. ఇండియాలో చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రాసిపెట్టే సేవలు అమ్మేవాళ్లున్నారు. నేపథ్య పరిశీలనలో దొరికితే పోయేది ఆ ఉద్యోగమొక్కటే కాదు, యూనివర్సిటీ క్రమశిక్షణ విచారణ దాకా వెళ్తుంది.

ఆఫర్ ఒప్పుకుని వెనక్కి తగ్గడం. ఒకదానికి ‘సరే’ అన్నాక ఇంకా పెద్ద పేరు పిలిచిందని మొదటిదాన్ని వదిలేయడం కో-ఆప్ నియమాలకు విరుద్ధం. మీ పోర్టల్ ప్రవేశం పోవచ్చు. తర్వాతి ఏడాది అక్కడికి వెళ్లాల్సిన మన పిల్లలకు ఆ కంపెనీ తలుపు మూసుకోవచ్చు కూడా.

ఎంత వెతికినా దొరకని సెమిస్టర్లు ఉంటాయి. మార్కెట్ మందగించినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఆ పరిస్థితికి ముందే ఒక ప్రణాళిక ఉండాలి: కోర్సులకు రిజిస్టర్ చేసుకుని పెట్టుకోండి, ఆఫర్ వస్తే వదులుకోవచ్చు. ఏ రిజిస్ట్రేషనూ లేకుండా ఆఫర్ కోసం ఎదురుచూస్తూ సెమిస్టర్ మొదలైపోతే ఎఫ్-1 స్థితికే ప్రమాదం.

బ్యాచిలర్స్ విద్యార్థులకు ఎలా ఉంటుంది?

రెండో ఏడాది నుంచి కో-ఆప్ మొదలు. జనవరి–జూన్ లేదా జూలై–డిసెంబర్. నాలుగేళ్లలో ముగించేవాళ్లు సాధారణంగా రెండు చేస్తారు, అయిదేళ్లు తీసుకునేవాళ్లు మూడు. దరఖాస్తు కామన్ యాప్ (చాలా యూనివర్సిటీలకు ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైట్) ద్వారా. ఎర్లీ డెసిషన్, ఎర్లీ యాక్షన్ గడువు నవంబర్ 1, మామూలు గడువు జనవరి 1. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరి తీరాలి, కాబట్టి ఫీజు లెక్క తేలకుండా దాని జోలికి వెళ్లొద్దు. ఈమధ్య సంవత్సరాల్లో దరఖాస్తులు లక్షకు చేరువయ్యాయి, సీటు దొరికేది నూటికి పదిమంది కంటే తక్కువకే. కొందరికి మొదటి సెమిస్టర్ వేరే దేశంలో చదివి ఆ తర్వాత బోస్టన్ రమ్మని ఆఫర్ వస్తుంది. అదీ నిజమైన సీటే, మోసం కాదు.

ఎమ్మెస్‌లో 32 క్రెడిట్ల మధ్య కో-ఆప్ ఎక్కడ పడుతుంది?

కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, చాలా ఇంజనీరింగ్ ఎమ్మెస్‌లకు 32 క్రెడిట్లు. కోర్సు నాలుగు క్రెడిట్లయితే మొత్తం ఎనిమిది కోర్సులు. సెమిస్టర్‌కి 8 క్రెడిట్లు, అంటే రెండు కోర్సులు తీసుకుంటే పూర్తి సమయం విద్యార్థి కింద లెక్క. రెండే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఒక్కో కోర్సు వారానికి పదిహేను ఇరవై గంటలు తినేస్తుంది.

సెప్టెంబర్‌లో చేరితే ఫాల్ (సెప్టెంబర్ నుంచి) సెమిస్టర్‌లో 8, స్ప్రింగ్ (జనవరి నుంచి) సెమిస్టర్‌లో 8, మొత్తం 16 అవుతాయి. ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్ బయట పనిచేయాలంటే ముందు ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి, ఆ షరతు ఇక్కడితో తీరుతుంది. తర్వాత దారులు రెండు. మే నుంచి డిసెంబర్ దాకా కో-ఆప్ చేసి, మిగతా 16 క్రెడిట్లు ఆ తర్వాత రెండు సెమిస్టర్లలో పూర్తిచేయడం ఒకటి. వేసవిలో ఒకటో రెండో కోర్సులు చదివేసి సెప్టెంబర్‌లో కో-ఆప్‌కి వెళ్లడం రెండోది. రెండో దారిలో ఇంటర్వ్యూ నాటికి మీ దగ్గర ఎక్కువ కోర్సులుంటాయి, తయారీకి సమయమూ దొరుకుతుంది. మొదటి దారిలో వెతుకులాట అంతా మొదటి ఏడాది స్ప్రింగ్‌లోనే, కొత్త దేశంలో ఇంకా కుదురుకోకముందే జరగాలి. ఇండియాలో రెండు మూడేళ్లు నిజంగా పనిచేసి వచ్చినవాళ్లకి మొదటిది సరిపోతుంది. బీటెక్ అవగానే వచ్చినవాళ్లకి రెండోదే మేలని మా అభిప్రాయం.

ఏ దారిలోనైనా కో-ఆప్ ముగిశాక చదవాల్సిన కోర్సు కొంత మిగిలి ఉండాలి. త్వరగా అవగొట్టేద్దామని 32 క్రెడిట్లూ ముందే పూర్తి చేసేస్తే కో-ఆప్ అవకాశం ఉండదు, డిగ్రీ ముగిసినట్టే. జీపీఏ 3.0కి తగ్గినా చాలా విభాగాలు కో-ఆప్‌కి పంపవు.

కో-ఆప్ చేస్తే ఓపీటీ పోతుందంటారు, నిజమా?

సగం నిజం. ఓపీటీ అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి. చదువు మధ్యలో చేసే కో-ఆప్‌కి కావలసిన అనుమతి పేరు సీపీటీ. ఒకే స్థాయి డిగ్రీలో పూర్తి సమయం సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయిలో ఓపీటీ పూర్తిగా పోతుంది. నిండకపోతే ఓపీటీలో ఒక్క రోజు కూడా తగ్గదు. ఒక కో-ఆప్ ఎనిమిది నెలలు చేసి, మరో వేసవిలో నాలుగు నెలల ఇంటర్న్‌షిప్ తీసుకుంటే గీత దాటినట్టే. మేనేజర్ మంచివాడు, ఇంకో నెల ఉండమన్నాడు అని పొడిగించుకునే ముందు వెనకటి అనుమతుల తేదీలన్నీ కాగితం మీద కూడుకోండి. వారానికి 20 గంటలకు మించనిది పార్ట్‌టైమ్ కింద వస్తుంది, అది ఈ 12 నెలల లెక్కలో పడదు.

సీపీటీ ఫలానా కంపెనీకి, ఫలానా చోటుకి, ఫలానా తేదీల మధ్య మాత్రమే. అది కొత్త ఐ-20 (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద అచ్చవుతుంది. ఐ-20 చేతికి రాకముందు, లేదా దానిమీదున్న తేదీకి ఒక్కరోజు ముందు పని మొదలుపెట్టినా అనుమతి లేని ఉద్యోగమే. ‘ఓరియంటేషనే కదా’ అన్న వాదన నిలవదు.

ఓపీటీ 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ అయితే మరో 24 నెలల పొడిగింపు, కానీ కంపెనీ ఈ-వెరిఫై (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ)లో ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక నింపాలి. ఓపీటీ దరఖాస్తును చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు వేయొచ్చు. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. పొడిగింపు వస్తే ఇంకో 60 రోజులు కలుస్తాయి.

ఏ కాలేజీలో చేరుతున్నామో ఎందుకంత పట్టించుకోవాలి?

ఎందుకంటే ఒకే యూనివర్సిటీ పేరు కింద మనకు ఒకేలా వినిపించే కోర్సులు వేర్వేరు కాలేజీల్లో ఉన్నాయి, వాటి ఫీజులు, క్యాలెండర్, కో-ఆప్ నియమాలు వేరు. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ ఎమ్మెస్‌లు ఖౌరీ కాలేజీవి. 1982లో కంప్యూటర్ సైన్స్‌కి ప్రత్యేక కాలేజీగా మొదలై, 2018లో అమిన్ ఖౌరీ ఇచ్చిన 5 కోట్ల డాలర్ల విరాళంతో ఆ పేరు తెచ్చుకుంది. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ కాలేజీది. బిజినెస్‌కి డామోర్-మెకిమ్ స్కూల్, ఫార్మసీ, నర్సింగ్, ప్రజారోగ్యానికి బువే కాలేజీ ఉన్నాయి. వీటికి పక్కన కాలేజ్ ఆఫ్ ప్రొఫెషనల్ స్టడీస్ ఉంది. అనలిటిక్స్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ లాంటి ఉద్యోగ దృష్టి డిగ్రీలు అక్కడ నడుస్తాయి, ప్రవేశం సులువు. ఆ డిగ్రీ పనికిరాదని కాదు. కానీ ఖౌరీ అనుకుని చేరి, మొదటి వారంలో తేడా తెలుసుకోవడం బాధాకరం. ఆఫర్ లెటర్‌లో కాలేజీ పేరు, క్యాంపస్ పేరు, డిగ్రీ పేరు మూడూ విడివిడిగా చదవండి. కన్సల్టెన్సీ నోటిమాటకు విలువ లేదు.

మెకానికల్, సివిల్, బయోటెక్, కామర్స్ చదివి కంప్యూటర్స్‌లోకి రావాలనుకునేవాళ్లకి ఖౌరీలో ‘అలైన్’ అనే దారి ఉంది. ముందు ప్రోగ్రామింగ్, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్ వంటి వంతెన కోర్సులు చదివించి తర్వాత ఎమ్మెస్‌లో కలుపుతారు. ఆ అదనపు కోర్సులకు అదనపు ఫీజు, అదనపు కాలం. నిజంగా రంగం మారేవాళ్లకి ఇది బాగుంటుంది. బీటెక్ సీఎస్ఈ చేసినవాళ్లు ప్రవేశం దొరకడం కోసమని దీంట్లోకి రావడం డబ్బు దండగ.

బోస్టన్ కాక వేరే క్యాంపస్‌లో సీటొచ్చింది. తీసుకోవచ్చా?

షార్లెట్, సియాటిల్, సిలికాన్ వ్యాలీ, ఆర్లింగ్టన్, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్, మయామీ, కెనడాలో టొరంటో, వాంకూవర్, ఇలా చాలా చోట్ల క్యాంపస్‌లున్నాయి. 1852 నాటి మిల్స్ కాలేజీ 2022లో కలిసి ఓక్లండ్ క్యాంపస్ అయింది. 2019లో ఒక ప్రైవేటు కాలేజీని తీసుకోవడంతో లండన్ శాఖ ఏర్పడింది. డిగ్రీ మీద పేరు ఒక్కటే. కానీ బోస్టన్‌లో ఉన్నన్ని ఎలక్టివ్‌లు, ప్రొఫెసర్లు, ల్యాబులు చిన్న క్యాంపస్‌లలో ఉండవు. కొన్ని చోట్ల ఒకటి రెండు అంతస్తులే క్యాంపస్.

నిర్ణయానికి ఒక తేలికైన దారి: రాబోయే సెమిస్టర్ తరగతుల జాబితా తెరిచి, మీ డిగ్రీకి ఆ క్యాంపస్‌లో ముఖాముఖి జరిగే కోర్సులెన్నో లెక్కపెట్టండి. ఎఫ్-1 విద్యార్థి పూర్తి సమయం లెక్కలో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కదాన్నే కలుపుకోగలడు, కాబట్టి ఇది వీసా ప్రశ్న కూడా. సియాటిల్, సిలికాన్ వ్యాలీ క్యాంపస్‌లకు కంపెనీలు పక్కనే ఉండటం ఒక లాభం. కెనడా క్యాంపస్ అంటే కెనడా వీసా, కెనడా పని నియమాలు. అమెరికా ఓపీటీకి దానితో సంబంధం లేదు.

ర్యాంకు అంత త్వరగా ఎలా పెరిగింది?

కావాలనే పెంచుకున్నారు. అమెరికా యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ జాబితాలో 1996లో 162వ స్థానం. అప్పుడొచ్చిన అధ్యక్షుడు రిచర్డ్ ఫ్రీలండ్ తొలి వందలోకి చేరడాన్ని బాహాటంగా లక్ష్యంగా పెట్టుకుని, ఆ జాబితా దేన్ని కొలుస్తుందో విడదీసి చూసి, తరగతి పరిమాణం తగ్గించడం, దరఖాస్తులు పెంచడం వంటివి చేశారు. 2006కల్లా 98వ స్థానం వచ్చింది. తర్వాత ఇంకా ఎక్కింది. దీన్ని విమర్శించేవాళ్లున్నారు, మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఎమ్మెస్ విద్యార్థికి ఆ అంకె వల్ల ఒరిగేది తక్కువ, అది ప్రధానంగా బ్యాచిలర్స్ లెక్క.

ఖర్చు ఎలా లెక్కవేయాలి? కో-ఆప్ జీతంతో ఫీజు కట్టేయొచ్చా?

మీ ప్రోగ్రామ్ పేజీలో ఉన్న క్రెడిట్ ధరను 32తో హెచ్చవేయండి. ఏటా ధర పెరుగుతుంది కాబట్టి రెండో ఏడాది క్రెడిట్లకు కొంత కలపండి. దానికి ఆరోగ్య బీమా, చిన్నచిన్న విద్యార్థి ఫీజులు, నెల ఖర్చు ఇంటూ 24 కలపండి. కో-ఆప్ జీతాన్ని ఈ కూడికలో సున్నా అనుకోండి. మొదటి 16 క్రెడిట్ల ఫీజు ఎలాగూ కో-ఆప్‌కి ముందే కట్టాలి. తర్వాత వస్తే రెండో సగానికి నిజంగా ఊరట, రాకపోతే మీ లెక్క చెదరదు. ఐ-20 కోసం చూపించే నిధుల్లోనూ ఆ జీతాన్ని చూపించడానికి వీల్లేదు.

ఇండియా వైపు రెండు సంగతులు. విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. గుర్తింపు పొందిన బ్యాంకు విద్యారుణంతో పంపే ఫీజుపై 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బయితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై పడుతుంది, రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. రెండోది, విద్యారుణం వాయిదాల విరామం సాధారణంగా కోర్సు కాలం, దానిపైన ఆరు నెలలు లేదా ఏడాది. కో-ఆప్ వల్ల కోర్సు ముగింపు తేదీ జరిగితే బ్యాంకుకి ఆ సంగతి దానంతటది తెలియదు. కొత్త ఐ-20 నకలు ఇచ్చి తేదీ మార్పించకపోతే మీరింకా చదువుతుండగానే నాన్నగారికి ఈఎంఐ నోటీసు వస్తుంది.

వీసా ఇంటర్వ్యూలో కో-ఆప్ గురించి చెప్పాలా?

అడిగితే చెప్పండి, అది పాఠ్యక్రమంలో భాగమే. కానీ ‘ఎందుకు ఈ యూనివర్సిటీ’ అన్న ప్రశ్నకు కో-ఆప్‌ను మొదటి జవాబు చేస్తే, చదువుకు కాక సంపాదనకు వెళ్తున్నట్టు వినిపిస్తుంది. మీరు చదవబోయే రెండు కోర్సులు, వాటికీ మీ బీటెక్ ప్రాజెక్టుకీ ఉద్యోగానికీ ఉన్న లంకె మీ మాటల్లో చెప్పగలగాలి. బట్టీపట్టిన జవాబులను కౌంటర్ అవతలివాళ్లు రోజూ వింటారు. సెవిస్ (అమెరికా ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, ఇంటర్వ్యూకి ముందే కట్టి రసీదు ఉంచుకోండి. హైదరాబాద్ కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది, బేగంపేటకు వెళ్లకండి. అమెరికాలో అడుగుపెట్టేది ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు కాకూడదు.

ఇల్లు ఎలా వెతుక్కోవాలి?

బోస్టన్‌లో అద్దె ఒప్పందాలు ఎక్కువ భాగం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తాయి. ఊరంతా ఒకే రోజు ఇళ్లు మారుతుంది. రోడ్ల మీద మూవింగ్ ట్రక్కులు, పరుపులు, సోఫాలు. మీరు ఆగస్టు 25న దిగితే ఆ వారానికి తాత్కాలిక బస చూసుకోవాలి. ఫుట్‌పాత్ మీద ఉచితంగా దొరికిన పరుపు మాత్రం తెచ్చుకోకండి, నల్లులు కూడా ఉచితమే.

మసాచుసెట్స్ చట్టం ప్రకారం చేరేటప్పుడు యజమాని అడగగలిగినవి: మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెలకు మించని డిపాజిట్, తాళం మార్చిన ఖర్చు. అంతకుమించి అడిగితే చెల్లదు. బ్రోకర్ ఫీజు ఇదివరకు అద్దెదారు నెత్తినే పడేది. 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వాళ్లే కట్టాలి. హీటింగ్ అద్దెలో కలిసిందా లేదా అని తప్పక అడగండి. జనవరి, ఫిబ్రవరి గ్యాస్ బిల్లు చూసి కళ్లు తిరిగినవాళ్లు చాలామంది. ఇండియాలో ఉండగానే, ఇల్లు వీడియోలో కూడా చూడకుండా డబ్బు పంపడం అన్నిటికన్నా ఎక్కువ మోసాలు జరిగే చోటు.

నడిచి వెళ్లే దూరంలో మిషన్ హిల్, రాక్స్‌బరీ, ఫెన్‌వే. ఫెన్‌వే ఖరీదు. క్యాంపస్‌కి ఆరెంజ్ లైన్ రగల్స్ స్టేషన్, గ్రీన్ లైన్ ఇ శాఖ రెండూ ఉన్నాయి. ఆరెంజ్ లైన్ పట్టుకుని మాల్డెన్ లాంటి చోట్ల ఉంటే అద్దె తగ్గుతుంది, రోజూ రెండువైపులా కలిపి గంటకు పైగా పోతుంది.

బీమా, సోషల్ సెక్యూరిటీ, పన్ను?

మసాచుసెట్స్‌లో విద్యార్థికి ఆరోగ్య బీమా తప్పనిసరి, యూనివర్సిటీ ప్లాన్ మీ బిల్లులో దానంతటదే పడుతుంది. ఇండియాలో కొన్న ప్రయాణ బీమా చూపించి దాన్ని తీయించుకోవడం కుదరదు. పళ్ల వైద్యం అందులో ఆశించవద్దు, బయల్దేరే ముందే ఇండియాలో చూపించుకోండి.

సోషల్ సెక్యూరిటీ నంబర్, అంటే జీతం, పన్ను లెక్కలకు వాడే ప్రభుత్వ సంఖ్య, ఉద్యోగం ఉన్నవాళ్లకే ఇస్తారు. క్యాంపస్ పనికైనా (సెమిస్టర్‌లో వారానికి 20 గంటల వరకే) సీపీటీకైనా మొదటిసారి కావాలి, ఒక్కసారి వస్తే జీవితాంతం అదే. కో-ఆప్ జీతం మొదలయ్యాక మొదటి పే-స్లిప్ జాగ్రత్తగా చూడండి. ఎఫ్-1 విద్యార్థి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంటే. ఆ కాలంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు, మొత్తం 7.65 శాతం, కోయకూడదు. పేరోల్ వాళ్లు పొరపాటున కోస్తుంటారు. వెంటనే చెబితే సరిచేస్తారు, ఏడాది దాటితే ఫారం 843 వేసి రాబట్టుకోవాలి.

ఏప్రిల్ 15కల్లా 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల పన్ను రిటర్ను) వేయాలి, ఫారం 8843 జతచేయాలి. అమెరికాలో నాన్‌రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, భారతీయ విద్యార్థులకు మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ అధికరణం వల్ల దొరుకుతుంది. దీన్ని వదిలేసేవాళ్లు ఎందరో. స్థానికుల కోసం చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్‌గా రిటర్ను వేయడం ఇంకో పెద్ద తప్పు, తర్వాత సవరించుకోవాల్సి వస్తుంది.

చదువులో ఎక్కడ దెబ్బతింటారు?

కోడ్ పంచుకోవడంలో. రూమ్మేట్ అడిగాడని అసైన్‌మెంట్ ఇస్తారు, అతను వేరియబుల్ పేర్లు మార్చి సమర్పిస్తాడు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కి పేర్లతో పనిలేదు, నిర్మాణం చూస్తుంది. ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ విచారణకు వెళ్తారు. ‘నేను సహాయమే చేశాను’ అన్నది సమర్థన కాదు. ఏఐ సాధనాల విషయంలో ప్రతి ప్రొఫెసర్ సిలబస్‌లో తన నియమం రాస్తారు, పక్క కోర్సులో అనుమతించారన్నది ఇక్కడ చెల్లదు. డిగ్రీ రావాలంటే జీపీఏ 3.0 ఉండాలి. కోర్సులు ఎనిమిదే కాబట్టి ఒక్క సి గ్రేడు లోతుగా గుంజుతుంది.

పరిశోధన, పీహెచ్‌డీ సంగతి?

కో-ఆప్ మోత కింద ఇది వినిపించదు గానీ, నెట్‌వర్క్ సైన్స్‌లో ఆల్బర్ట్-లాస్లో బరబాషి, భావోద్వేగాల మనస్తత్వశాస్త్రంలో లీసా ఫెల్డ్‌మన్ బారెట్ వంటివాళ్లు ఇక్కడే ఉన్నారు. నహాంట్‌లో సముద్ర తీరాన సముద్ర శాస్త్ర కేంద్రం ఉంది. హోల్యోక్‌లోని భారీ కంప్యూటింగ్ కేంద్రాన్ని హార్వర్డ్, ఎంఐటీ, బోస్టన్ యూనివర్సిటీ, మసాచుసెట్స్ యూనివర్సిటీలతో కలిసి వాడుకుంటారు. 2017లో కట్టిన ఐసెక్ భవనం, 2023లో తెరిచిన ఎక్స్‌ప్ భవనం పరిశోధనకే.

పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. ఎమ్మెస్ వాళ్లకి అలా ఉండదు. రీసెర్చ్ అసిస్టెంట్ పని కావాలంటే వచ్చిన మొదటి వారంలో యాభైమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ కొట్టడం దండగ. ఒకరి కోర్సు తీసుకుని, బాగా చేసి, వాళ్ల తాజా పేపర్ చదివి, ఒక నిర్దిష్ట ప్రశ్నతో ఆఫీసు వేళల్లో కలవండి.

తిండి, గుడి, మనవాళ్లు?

కందిపప్పు, గోంగూర, ఆవకాయ వాల్తంలో దొరుకుతాయి, కమ్యూటర్ రైల్లో వెళ్లొచ్చు. నలుగురు కలిసి నెలకోసారి కారు అద్దెకు తీసుకోవడం నయం. ఆష్‌లండ్‌లో శ్రీ లక్ష్మీ ఆలయం ఉంది, రైలు స్టేషన్ నుంచి గుడికి మళ్లీ బండి కావాలి. క్యాంపస్‌లో తెలుగు మాట్లాడే రూమ్మేట్లు దొరకడం ఏమాత్రం కష్టం కాదు. తెలుగు తప్ప ఇంకేమీ మాట్లాడకుండా రెండేళ్లు గడిపేయడం కూడా అంతే సులువు, ఇంటర్వ్యూలో అది తెలిసిపోతుంది.

ఆటల్లో ఇక్కడ ఐస్ హాకీయే ముఖ్యం, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును 2009లోనే ఎత్తేశారు. ఏటా ఫిబ్రవరిలో హార్వర్డ్, బోస్టన్ కాలేజీ, బోస్టన్ యూనివర్సిటీలతో జరిగే బీన్‌పాట్ టోర్నీకి విద్యార్థులు ఎగబడతారు. నియమాలు తెలియకపోయినా ఒకసారి వెళ్లి చూడొచ్చు. లోపల కూడా చలే, జాకెట్ తీసుకెళ్లండి.